ఒవెన్ ఎందుకు అలిగింది?

పిండి కలిపేశారు. ట్రేలు సర్దేశారు. తీరా చూస్తే ఒవెన్ వేడెక్కనంటోంది. లేదంటే స్విచ్చి వేయగానే టప్‌మని ట్రిప్పవుతోంది. బేకరీల్లో, హోటళ్లలో, హాస్టల్ వంటిళ్లలో తరచూ ఎదురయ్యే తలనొప్పే ఇది. కంగారుపడి 'డైరెక్ట్' ఇచ్చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. ఓపిగ్గా ఒక వరసలో చూసుకుంటూ పోతే మాత్రం... జబ్బేమిటో ఒవెనే చెబుతుంది!

డిసెంబరు 31 వచ్చిందంటే ఊళ్లో ఏ బేకరీ ముందు చూసినా జనమే. పేర్లు రాయించుకునేవాళ్లు కొందరు, కిలో కేకు చాలా రెండు కిలోలు తీసుకుందామా అని తర్జనభర్జన పడేవాళ్లు ఇంకొందరు. లోపల మాస్టరుకు చెమట తుడుచుకునే తీరిక ఉండదు. సరిగ్గా అలాంటి రోజే ఒవెన్ మొరాయిస్తుంది. అది పగబట్టి కాదు. ఏడాదంతా నెమ్మదిగా ముదిరిన లోపం, ఆపకుండా పనిచేయించిన రోజున బయటపడుతుంది. అంతే!

ఒకప్పుడు ఈ బాధ లేదు. హైదరాబాద్ ఇరానీ బేకరీల్లో ఉస్మానియా బిస్కెట్లు కట్టెల బట్టీల్లో కాలేవి. మంట తగ్గితే నాలుగు కట్టెలు ఎగదోసేవారు. కరెంటు ఒవెన్లు వచ్చాక పొగ పోయింది, శ్రమ తగ్గింది. డయల్ తిప్పితే కావలసినంత వేడి. కానీ ఆ వేడి ఎక్కడ ఆగిపోయిందో కంటికి కనిపించదు. అందుకే చాలాచోట్ల రిపేరంటే గుడ్డిగా ఒక్కో భాగం మార్చుకుంటూ పోవడమే. కాయిల్ మారుస్తారు, కంట్రోలర్ మారుస్తారు. చివరికి తేలేదేమిటంటే... ఓ స్క్రూ వదులైంది!

లోపల ఉండేది ఇదే

పైకి ఎంత గంభీరంగా కనిపించినా కరెంటు ఒవెన్ మన ఇస్త్రీపెట్టెకు పెద్దన్నే. మెయిన్ నుంచి వచ్చిన కరెంటు ఎంసీబీ, ఆర్‌సీసీబీల మీదుగా కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చికి చేరుతుంది. అక్కడి నుంచి హీటింగ్ ఎలిమెంట్లకు వెళుతుంది. వీటినే మనవాళ్లు కాయిల్స్ అనీ రాడ్లనీ అంటుంటారు. లోపలి వేడిని ఓ సెన్సర్ ఎప్పటికప్పుడు కంట్రోలర్‌కు చెబుతుంటుంది. 'వేయి', 'ఆపు' అని కాంటాక్టర్‌కు ఆజ్ఞలిచ్చేది ఆ కంట్రోలరే. వీటన్నిటికీ పైన కాపలాదారులా ఓ సేఫ్టీ కటౌట్ ఉంటుంది. కంట్రోలర్ మాట ఎవరూ విననప్పుడు, వేడి హద్దు మీరితే కరెంటు కోసేయడం దాని పని.

ఎలిమెంట్ లోపల ఉండేది నైక్రోమ్ తీగ. నికెల్, క్రోమియం కలిసిన ఈ మిశ్రమానికి అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా తుప్పు పట్టకుండా ఏళ్లతరబడి పనిచేయడం దీని గొప్పతనం. ఆ తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లని పొడిని దట్టంగా కూరి, పైన లోహపు గొట్టం తొడుగుతారు. ఆ పొడి వేడిని బయటకు పంపుతుంది, కరెంటును మాత్రం గొట్టానికి తాకనివ్వదు. ఈ పొడి సంగతి గుర్తుపెట్టుకోండి. సగం కథ దానిదే.

ముందు కళ్లు... తర్వాతే స్క్రూడ్రైవర్

అనుభవమున్న ఎలక్ట్రీషియన్ రాగానే ఒవెన్ విప్పడు. మూడు ప్రశ్నలు అడుగుతాడు. ప్యానెల్ మీద లైటు వెలుగుతోందా? పడిపోయింది ఎంసీబీనా, ఆర్‌సీసీబీనా? వేడి అసలే లేదా, సగమే ఉందా? ఈ మూడింటికి జవాబులు దొరికితే వెతకాల్సిన చోటు చాలావరకు తెలిసిపోతుంది.

లైటే వెలగలేదంటే లోపం ఒవెన్‌లో కాకుండా సప్లైలోనే ఉండొచ్చు. లైటుంది, కంట్రోలర్ అంకెలు చూపిస్తోంది, వేడి మాత్రం లేదంటే అనుమానం సేఫ్టీ కటౌట్, తలుపు స్విచ్చి, కాంటాక్టర్ల మీదికి వెళుతుంది. చాలా ఒవెన్లలో తలుపు పూర్తిగా పడితే తప్ప ఫ్యాను తిరగదు, హీటర్ పనిచేయదు. తలుపు కీలు కాస్త ఒరిగి, చిన్న స్విచ్చి నొక్కుకోకపోతే చాలు... లక్షల రూపాయల యంత్రం కదలక మెదలక కూర్చుంటుంది.

ఇక ఎలిమెంట్ బాగుందో లేదో తెలుసుకోవడం చిన్న లెక్క. 2000 వాట్ల ఎలిమెంట్ 230 వోల్టుల మీద పనిచేస్తే దాని నిరోధం దాదాపు 26 ఓమ్‌లు ఉండాలి. కరెంటు పూర్తిగా తీసేసి, ఎలిమెంట్ వైర్లు విప్పి మల్టీమీటర్ పెడితే ఆ అంకె దగ్గరగా రావాలి. ఏమీ చూపకపోతే లోపల తీగ తెగిందన్నమాట. నైక్రోమ్ నిరోధం చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా పెద్దగా మారదు కాబట్టి ఈ పరీక్షను నమ్మొచ్చు.

పైన మాడి... కింద పచ్చి

పెద్ద ఒవెన్లు మూడు ఫేజుల మీద నడుస్తాయి. ఓ ఫేజు పోతే ఒవెన్ ఆగిపోదు. అదే అసలు చిక్కు! ఉదాహరణకు 9 కిలోవాట్ల ఒవెన్‌లో ఫేజుకు 3 కిలోవాట్ల చొప్పున, న్యూట్రల్‌తో కలిపి ఎలిమెంట్లు ఉన్నాయనుకుందాం. ఓ ఫేజు పోతే 6 కిలోవాట్లే మిగులుతాయి. న్యూట్రల్ లేకుండా కలిపిన ఒవెన్లలోనైతే వేడి సగానికి పడిపోతుంది. పైన మాడిపోతుంది, కింద పచ్చిగా ఉంటుంది. లేదంటే ఓ మూల ఎప్పుడూ తెల్లగానే దిగుతుంది. మాస్టరేమో పిండిని తిడతాడు, యజమాని మాస్టరును తిడతాడు. తప్పు మాత్రం పోయిన ఫ్యూజుది!

లోవోల్టేజీ కూడా ఇలాంటిదే. 230 ఉండాల్సిన వోల్టేజీ 200కు పడితే తగ్గింది ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. కానీ వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. ఎలిమెంట్ ఇచ్చే శక్తి దాదాపు 24 శాతం పడిపోతుంది. ఇరవై నిమిషాల్లో కాలే బ్రెడ్డు అరగంటైనా రంగు తేలదు. ఎండాకాలం సాయంత్రాలు 'ఒవెన్ నెమ్మదించింది' అని ఫిర్యాదు వస్తే ముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడటం మేలు.

జనరేటర్ మీదికి మారినప్పుడు మాత్రమే బిస్కెట్లు ఒకవైపే కాలుతున్నాయా? మూడు ఫేజుల మోటారుకు ఏ రెండు వైర్లు తారుమారైనా అది వెనక్కి తిరుగుతుంది. జనరేటర్ నుంచి వచ్చే ఫేజుల వరస వేరుగా ఉంటే లోపలి బ్లోయర్ ఉల్టా తిరిగి వేడిగాలి సరిగా అందదు. కరెంటొచ్చాక మళ్లీ మామూలే. జనరేటర్ వైర్లలో రెండింటిని ఎలక్ట్రీషియన్ అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది.

ఇక న్యూట్రల్ తెగితే అది వేరే కథ. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయన్న వార్తలు మనకు కొత్త కాదు. అప్పుడు ఒక్కో ఫేజు మీద వోల్టేజీ అదుపు తప్పుతుంది. 230 రావాల్సిన చోట 300, ఇంకా పైకి కూడా పోవచ్చు. ఒవెన్‌లో ముందు బలయ్యేది సున్నితమైన డిజిటల్ కంట్రోలర్. ఉన్నట్టుండి కంట్రోలర్ కాలితే కొత్తది బిగించే ముందు న్యూట్రల్ సరిచూడాల్సిందే. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

జూన్‌లోనే ఎందుకు?

వేసవి సెలవుల్లో హాస్టల్ వంటిళ్లు మూతపడతాయి. జూన్‌లో తెరుస్తారు. అప్పటికే వానలు మొదలు. ఒవెన్ స్విచ్చి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. 'మొన్నటిదాకా బాగానే ఉందే' అని ఆశ్చర్యపోతారు. మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రోజూ వేడెక్కుతుంటే తేమ నిలవదు. నెలలతరబడి వాడకుండా ఉంచితే ఎలిమెంటు కొసల నుంచి చెమ్మ లోపలికి చేరుతుంది. అప్పుడా పొడి కరెంటును పూర్తిగా ఆపలేదు. కొద్దికొద్దిగా గొట్టానికి, అక్కడి నుంచి ఒవెన్ బాడీకి లీకవుతుంది. ఆ లీకును పసిగట్టే ఆర్‌సీసీబీ పడిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటరు చాలదు. మెగ్గర్ కావాలి. అది 500 వోల్టులు పంపి, తీగకూ గొట్టానికీ మధ్య నిరోధం ఎంతుందో చూపుతుంది. ఎలిమెంట్లన్నీ విడదీసి ఒక్కోదాన్నే పరీక్షిస్తే దొంగ దొరికిపోతాడు. చెమ్మే కారణమైతే ఎలిమెంటు పారేయనక్కర్లేదు. విప్పి, మరో ఒవెన్‌లో సన్నని వేడి మీద కొన్ని గంటలు ఆరబెడితే చాలాసార్లు తేరుకుంటుంది. మళ్లీ మెగ్గర్ పెట్టి, బాగుందని తేలాకే బిగించాలి. ఆరబెట్టినా అంకె పెరగలేదంటే గొట్టం చిట్లిందనో, లోపల కాలిందనో అర్థం. అప్పుడు కొత్తది తప్పదు.

'డైరెక్ట్ ఇచ్చెయ్' అంటే...

గిరాకీ వేళ చాలామంది చేసే పని వేరు. 'ఈ ఆర్‌సీసీబీయే పాడైంది, తీసేసి డైరెక్ట్ ఇచ్చెయ్' అంటారు. డైరెక్ట్ ఇవ్వగానే ఒవెన్ చక్కగా వేడెక్కుతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. నిజానికి అక్కడ లోపం పోలేదు, దాన్ని చెప్పే నోరు మాత్రం మూతపడింది!

మనుషుల రక్షణ కోసం పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల లీకుకే పడిపోయేలా ఉంటుంది. 100 మిల్లీఆంపియర్లు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. ఒవెన్‌కు పెట్టే 32 ఆంపియర్ల ఎంసీబీకి ఇది లెక్కలోకి కూడా రాదు. ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ వస్తేనే అది పడుతుంది. అంటే ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా వైర్లను కాపాడుతుందేమో కానీ మనిషిని కాపాడదు. వంటింట్లో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కుర్రాడి కాళ్లకు చెప్పులు ఉండవు. చేతిలో ఇనుప ట్రే. ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే ఒవెన్ బాడీలోని కరెంటు నేలకు చేరడానికి దొరికే దారి... అతడే.

అందుకే ఎర్తింగ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. మూడు ఫేజుల మీద నడిచే పరికరాల బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగ్ కనెక్షన్లు ఉండాలని 1956 నాటి భారత విద్యుత్తు నిబంధనల్లోనే చెప్పారు. ఒకటి ఊడినా రెండోది ఆదుకుంటుందని. ఒవెన్‌ను ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? అది 'కొద్దిగా షాకు' కాదు, గట్టి హెచ్చరిక. వెంటనే మెయిన్ ఆపేయాలి.

సేఫ్టీ కటౌట్‌ను డైరెక్ట్ చేయడమూ ఇంతే ప్రమాదం. కాంటాక్టర్ పలకలు ఏళ్లతరబడి నిప్పురవ్వలు రేగి గుంటలు పడతాయి. ఒక్కోసారి రెండూ అతుక్కుపోతాయి. కాంటాక్టర్‌కు బదులు సాలిడ్ స్టేట్ రిలే ఉన్న ఒవెన్లలో ఆ రిలే లోపలే షార్టయిపోవచ్చు. అప్పుడు కంట్రోలర్ 'ఆపు' అన్నా వేడి ఆగదు. ఆ క్షణాన అడ్డుపడేది కటౌట్ ఒక్కటే. దాన్నీ పక్కకు తప్పిస్తే ఒవెన్‌కు బ్రేకులు పీకేసినట్టే.

అంకెలు అబద్ధమాడతాయి

డిస్‌ప్లేలో 200 డిగ్రీలు కనిపిస్తుంది. బిస్కెట్లు మాత్రం మాడిపోతున్నాయి. ఇక్కడ అనుమానించాల్సింది థర్మోకపుల్‌ను. రెండు వేర్వేరు లోహాల తీగల్ని కొసన కలిపి వేడి చేస్తే చిన్నపాటి వోల్టేజీ పుడుతుందని 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ కనిపెట్టిన సూత్రమే దీనికి ఆధారం. ఒవెన్లలో ఎక్కువగా వాడే కె రకం థర్మోకపుల్ డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులిస్తుంది. అంటే 200 డిగ్రీల దగ్గర వచ్చేది సుమారు 8 మిల్లీవోల్టులు. టార్చి సెల్లులో వందో వంతు కూడా కాదు! ఇంత చిన్న సంకేతం కాబట్టి చిన్న పొరపాటుకే లెక్క తప్పుతుంది.

దీని తీగ పొడవు చాలకపోతే కొందరు మామూలు రాగి వైరు అతికేస్తారు. ఆ అతుకు దగ్గర 60 డిగ్రీలు, కంట్రోలర్ దగ్గర 35 డిగ్రీలు ఉంటే డిస్‌ప్లే 25 డిగ్రీలు తక్కువ చూపుతుంది. అంటే 200 అని కనిపించినా లోపల 225. అందుకే దీనికి ప్రత్యేకమైన వైరే వాడాలి. రెండు కొసలూ తారుమారైతే ఇంకా వింత. ఒవెన్ వేడెక్కేకొద్దీ అంకె కిందికి దిగుతుంది. పాపం కంట్రోలర్... ఇంకా చల్లగా ఉందనుకుని వేడి పెంచుతూనే పోతుంది! కొత్త సెన్సర్ బిగించాక మొదటి అయిదు నిమిషాలు అంకె ఎటు కదులుతుందో చూడమనేది ఇందుకే. ఒవెన్లలో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే డిస్‌ప్లే నిజం చెబుతోందో లేదో ఎవరైనా తేల్చేయొచ్చు.

నీలం వైరుతో జాగ్రత్త

విదేశాల నుంచి వచ్చిన ఒవెన్లతో మరో తంటా ఉంది. మన దగ్గర మూడు ఫేజుల వైరింగ్‌లో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. యూరప్ పద్ధతిలో గోధుమ, నలుపు, బూడిద రంగులు ఫేజులైతే నీలం న్యూట్రల్. అంటే మనకు ఫేజైన నీలం వాళ్లకు న్యూట్రల్, మనకు న్యూట్రలైన నలుపు వాళ్లకు ఫేజు! రంగుకు రంగు కలిపేస్తే 230 వోల్టుల భాగాల మీదికి 400 వోల్టుల పైచిలుకు దూసుకొస్తుంది. స్విచ్చి వేసిన మొదటి క్షణంలోనే కంట్రోలర్ బూడిద. అందుకే రంగును కాదు, ఒవెన్‌తో వచ్చిన సర్క్యూట్ బొమ్మను, టెర్మినల్ మీది అక్షరాన్ని నమ్మాలి.

ఇంకో ముఖ్యమైన శత్రువు వదులైన స్క్రూ. వేడికి వ్యాకోచించి, చల్లారి సంకోచించి కొన్నాళ్లకు టెర్మినళ్లు వదులవుతాయి. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, అక్కడే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. ప్లాస్టిక్ మాడిన వాసన వస్తే ముందు వెతకాల్సింది ఇక్కడే. నల్లబడిన వైరును మార్చేటప్పుడు ఇంటి వైరింగ్‌లో వాడే మామూలు పీవీసీ వైరు వేయకూడదు. అది తట్టుకునేది 70 డిగ్రీలే. ఒవెన్ లోపలి వేడికి సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగున్న వైరే ఆగుతుంది. ఇక మైదా దుమ్ము, వెచ్చదనం కోసం ప్యానెల్లో కాపురం పెట్టే బొద్దింకలు, వైర్లు కొరికే ఎలుకలు... వీటి సంగతి సరేసరి!

ఎలక్ట్రీషియన్ వచ్చేలోపు...

మెయిన్ ఆపేయండి. మరొకరు తెలియక వేసేయకుండా అక్కడ చీటీ అంటించండి, వీలైతే తాళం వేయండి. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోవద్దు. సరైన మీటరుతో చూశాకే చేయి పెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

పడిపోయిన ఎంసీబీని గానీ ఆర్‌సీసీబీని గానీ ఒక్కసారి వేసి చూడొచ్చు. మళ్లీ పడితే ఇక వేయొద్దు. పదే పదే వేస్తే చిన్న లోపం పెద్దదవుతుంది.

ఒవెన్‌ను పైపుతో నీళ్లు కొట్టి కడగొద్దు. పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. మంటలొస్తే నీళ్లు పోయొద్దు. కరెంటు ఆపి, కార్బన్ డయాక్సైడ్ లేదా డ్రై పౌడర్ సిలిండర్ వాడాలి.

ఎవరికైనా షాక్ కొడితే కంగారుగా పట్టుకుని లాగొద్దు. ముందు కరెంటు ఆపాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

హోటళ్లలోని మైక్రోవేవ్ ఒవెన్‌ను మాత్రం సొంతంగా అసలు విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్లో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండొచ్చు.

మీ ఇంట్లో ఓటీజీ ఉందా?

పైన చెప్పినవన్నీ చిన్న ఎత్తున ఇంటి ఓటీజీకీ వర్తిస్తాయి. 2000 వాట్ల ఓటీజీ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. టీవీకీ, సెల్‌ఫోన్ ఛార్జర్‌కూ వాడే 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే అది కరగడం ఖాయం. పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. మూడో పిన్ను సాకెట్లో పట్టడం లేదని విరిచేయడం, రెండు పిన్నుల ప్లగ్గు మార్చడం అస్సలు కూడదు. ఎర్తింగ్ అందేది ఆ పిన్నుతోనే. వర్షాకాలంలో చాలారోజులకు బయటకు తీసిన ఓటీజీ ట్రిప్పయితే అది చెమ్మ పని కావచ్చు. సర్వీసు సెంటర్లో చూపించుకోవాలి తప్ప ఆర్‌సీసీబీ లేని సాకెట్టు వెతుక్కోకూడదు.

చివరగా ఖర్చులేని చిట్కా ఒకటి. ప్రతి ఒవెన్ పక్కనా ఓ నోటుపుస్తకం వేలాడదీయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏది పడిపోయింది... అప్పుడు వాన పడుతోందా, జనరేటర్ నడుస్తోందా, ఏ భాగం మార్చారు... రెండు ముక్కలు రాసిపెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీలు తీసుకెళతాం కదా, ఇదీ అలాంటిదే. జూన్‌లో రాసిన ఆ రెండు ముక్కలే డిసెంబరు 31న కేకుల్నీ కాపాడొచ్చు, ట్రే పట్టుకున్న కుర్రాడినీ కాపాడొచ్చు.